మార్కు కలిస్తేనే ఘాటెక్కే జీపు

విశాఖ మన్యంలో బండి కన్నా ముందు రోడ్డు వచ్చింది. అదీ కొండవాళ్ల చెమటతోనే వచ్చింది. 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాకిరీ చేయించుకుని చాలీచాలని కూలి ఇచ్చాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ల కోపంలో ఆ రోడ్డు కూలి కూడా ఉంది.

అలాంటి దారుల మీదికి తర్వాతి కాలంలో జీపు ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో తయారైన విల్లీస్ జీపును మహీంద్రా సంస్థ 1940ల చివర్లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా సాగినా, రైలు స్టేషన్ల దగ్గరే ఆగుతుంది. హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు ఊళ్లకు, సంతలకు మనుషుల్నీ మూటల్నీ చేరవేసే పని సర్వీసు జీపుల మీద పడింది. జీపు వెళ్లలేని చోట డోలీయే గతి.

ఈ జీపుల చరిత్రను ఇంజిన్ ముందు భాగంలో, టైమింగ్ కవర్ వెనక చదవవచ్చు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. వాల్వులు తెరుచుకునే వేళ, మూసుకునే వేళ ఆ లెక్క మీదే ఆధారపడతాయి. యుద్ధకాలపు విల్లీస్‌లో ఈ పని చైన్ చేసేది. యుద్ధం అయ్యాక గేర్లు వచ్చాయి. మహీంద్రా దశాబ్దాల పాటు తయారుచేసిన సీజే-3బీ పెట్రోలు జీపులో క్రాంకు గేరు లోహంది, క్యామ్ గేరు పళ్లు మాత్రం అదిమి చేసిన ఫైబర్‌వి. చప్పుడు తక్కువ. కానీ ఏళ్లు గడిచి ఆ పళ్లు రాలితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. అనంతగిరి ఘాట్‌లో, వానలో, జనంతో నిండిన జీపు అలా ఆగితే ఎంత కష్టమో ఊహించవచ్చు.

1980లలో ఫ్రెంచి సంస్థ పెజో లైసెన్సుతో మహీంద్రా జీపుల్లోకి 2112 సీసీ ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజిన్ రావడంతో మళ్లీ చైనే వచ్చింది. క్యామ్‌నే కాక డీజిల్ పంపును కూడా ఈ చైనే తిప్పుతుంది. లింకుల పిన్నులు, బుష్‌లు అరిగి చైన్ పొడవు పెరిగేకొద్దీ వాల్వుల వేళతో పాటు డీజిల్ చిమ్మే వేళ కూడా వెనకబడుతుంది. పొగ ఎక్కువవుతుంది, లాగుడు తగ్గుతుంది, చలి పొద్దున స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. అయితే ఫైబర్ గేరుకు లేని ఒక మంచి గుణం చైన్‌కుంది: తెగే ముందు గలగలమని చెబుతుంది. ఆ చప్పుడు పట్టించుకోకుండా నడిపి, చైన్ పళ్లు దాటితే పిస్టన్ వాల్వులకు కొట్టి పుష్‌రాడ్లు వంగుతాయి. చిన్న రిపేరుతో పోయేది హెడ్డు విప్పేదాకా వస్తుంది.

కొండ మీద ఈ అరుగుదల తొందరగా వస్తుంది. ఎక్కేటప్పుడు చిన్న గేరులో నిండు బరువు, దిగేటప్పుడు ఇంజిన్‌తోనే బండిని నిలువరించడం, సమయానికి మార్చని ఆయిల్ అన్నీ కలిసి ఇంజిన్ మీద పడతాయి.

టైమింగ్ పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రేడియేటర్ దించి, క్రాంకు పుల్లీ లాగి, కవర్ విప్పితే చైన్ కనిపిస్తుంది. చైన్, టెన్షనర్, పళ్ల చక్రాలు ఒకేసారి మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పాడవుతుంది. పళ్ల చక్రాల మీది మార్కులు కలిపి బిగించాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, అవి మళ్లీ కలిశాయో లేదో చూసిన తర్వాతే కవర్ మూయాలి.

చూపుకు చిన్నదైనా, అసలు ఓర్పును పరీక్షించేది క్రాంకు దగ్గర ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీలు. తొలినాటి విల్లీస్‌లో క్రాంకు వెనక సీలు నేసిన తాడు లాంటిది. తర్వాత రబ్బరు పెదవి, దాని చుట్టూ సన్నని స్ప్రింగుతో సీళ్లు వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ పెదవి ఒకేచోట రాసుకుని, సీలు కూర్చునే ఇనుము మీద గాడి పడుతుంది. గాడి మీదే కొత్త సీలు పెడితే కొత్తదీ కారుతుంది. తెలిసిన మెకానిక్ సీలును ఒక వెంట్రుకవాసి లోపలికో బయటికో కూర్చోబెట్టి, పెదవి అరగని చోట ఆనేలా చూస్తాడు. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్‌లోనైతే లోపలి పీడనం పెరిగి ఏ సీలునుంచైనా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. అలాంటప్పుడు సీలు మార్చాక కూడా కారిందని మెకానిక్‌ను తిట్టడం అన్యాయం.

2000లో వచ్చిన మహీంద్రా బొలేరో తొలి ఇంజిన్లు కూడా ఆ పెజో వంశానివే. అందుకే జీపులు తగ్గినా ఈ విద్యకు పని తగ్గలేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనల బండ్లు వచ్చాక పరిస్థితి వేరు. వాటిలో క్రాంకు, క్యామ్ ఎక్కడున్నాయో సెన్సార్లు కంప్యూటరుకు చెబుతాయి, తేడా వస్తే లోపం కోడ్ రూపంలో పడుతుంది. స్కానర్ లేని షెడ్డులో దాన్ని చదవలేరు. ఈ తరం బండ్లు కొండ మీద పెరిగేకొద్దీ ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే గిరిజన యువకులకు స్కానర్ కూడా చేతికివ్వాలి, లేదంటే ఘాట్ మీద ఆగిన ప్రతి బండినీ మైదానానికి లాక్కెళ్లాల్సి వస్తుంది.