ఉంగరం కరిగిన రోజే ఎందుకు?

2002 జనవరిలో ఇంగ్లండ్‌లోని టోల్కీన్ సొసైటీకి అమెరికా నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అడిగినాయన షాన్ కర్స్ట్, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నుంచి వెలువడే 'పోస్ట్ స్టాండర్డ్' పత్రికలో కాలమిస్టు. ఐర్లండ్‌వాళ్లు జేమ్స్ జాయిస్ పేరు మీద ఏటా బ్లూమ్స్‌డే చేసుకుంటారు కదా, అలా టోల్కీన్‌ని చదువుకునే రోజంటూ ఏదైనా ఉందా అన్నాడాయన. లేదు. సొసైటీ పెట్టి అప్పటికి ముప్పై రెండేళ్లు. సమావేశాలున్నాయి, విందులున్నాయి, సొంత పత్రికలున్నాయి. చదవడానికంటూ ఒక రోజు మాత్రం లేదు. మరుసటి ఏడు, అంటే 2003 నుంచి, మార్చి 25 టోల్కీన్ పఠన దినమైంది.

ఆ ప్రశ్న వచ్చిన అదను చూడండి. పీటర్ జాక్సన్ తీసిన మొదటి సినిమా 2001 డిసెంబరులో విడుదలై థియేటర్లలో ఇంకా ఆడుతోంది. టోల్కీన్ పేరు కూడా వినని వాళ్లు సైతం ఆయన కథల్లోని హాబిట్లనే పొట్టి మనుషుల గురించి, ఉంగరం గురించి మాట్లాడుకుంటున్నారు. అలాంటప్పుడు అభిమానులు మరో వేషధారణల జాతర పెట్టుకుని ఉండొచ్చు. పుస్తకం తెరవండి అని అడగడం వాళ్ల పెద్దరికం.

దీనికి మూలమైన బ్లూమ్స్‌డే కథ ఇంకాస్త తమాషాగా ఉంటుంది. జాయిస్ నవల 'యులిసీస్' మొత్తం 1904 జూన్ 16న, డబ్లిన్ నగరంలో ఒక్క రోజులో జరుగుతుంది. తనకు కాబోయే భార్య నోరా బార్నకల్‌తో మొదటిసారి షికారుకెళ్లిన రోజది కనుకే జాయిస్ ఆ తేదీని ఎంచుకున్నాడంటారు. ఆ రోజుకు యాభై ఏళ్లు నిండిన 1954లో జాన్ రయన్, బ్రయన్ ఓనోలన్, కవి పాట్రిక్ కావనా, ఆంథొనీ క్రోనిన్, ఇంకొందరు కలిసి రెండు గుర్రబ్బళ్లు మాట్లాడుకుని, నవలలో పాత్రలు తిరిగిన చోట్లన్నీ తిరుగుదామని బయల్దేరారు. దారిలో తగిలిన మద్యం దుకాణాల్లో ఆగుతూ పోయారు. ఊరు సగం కూడా చుట్టకుండానే రయన్ సొంత బార్‌లో యాత్ర ముగిసింది. ఇప్పుడు ఐర్లండ్‌కి పెద్ద పర్యాటక ఆకర్షణ అయిన పండగకు శ్రీకారం చుట్టింది ఈ అసంపూర్తి తాగుబోతు యాత్రే.

ఆ గుర్రబ్బండి బృందం తేదీని రచయిత జాతకంలోంచి కాక నవల్లోంచి తీసుకుంది. ఇది మనకు కొంచెం కొత్త. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం. రచయితలకు రోజులు కేటాయించాలంటే మన చెయ్యి ముందు జయంతి, వర్ధంతుల వైపే పోతుంది. ఫాంటసీ అభిమానులు కథలోని క్యాలెండర్ వెతికారు. టోల్కీన్ అయితే వాళ్ల పని సులువు చేసే పోయాడు: 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చివర అనుబంధాల్లో ఏ తేదీన ఏం జరిగిందో పంచాంగం రాసినంత శ్రద్ధగా రాసిపెట్టాడు.

నిజానికి టోల్కీన్‌కి ఈ అభిమాన సందడి అంతగా గిట్టేది కాదు. 1960ల మధ్యలో అమెరికా విద్యార్థులు పేపర్‌బ్యాక్ కాపీల కోసం ఎగబడ్డాక ఆక్స్‌ఫర్డ్‌లోని ఆయన ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. అమెరికాలో సాయంత్రమంటే ఇంగ్లండ్‌లో అర్ధరాత్రి అని గుర్తుండని వాళ్లు నిద్ర లేపి మరీ సందేహాలడిగేవాళ్లు. చివరికి 1968లో చిరునామా బయటికి పొక్కకుండా బోర్న్‌మత్ అనే సముద్రతీర పట్టణానికి మారిపోయాడు. ఒక అభిమాని ఉక్కు పానపాత్ర చేయించి పంపాడు. ముచ్చటపడి చూస్తే దాని అంచు చుట్టూ చెక్కి ఉన్నది దుష్ట ఉంగరం మీది శాసనం! అందులో ఏదైనా పోసుకుని తాగడానికి టోల్కీన్‌కి మనసొప్పలేదు. పొగాకు బూడిద రాల్చుకోవడానికి వాడుకున్నాడు.

అయినా 1969లో వెరా చాప్‌మన్ ఇంగ్లండ్‌లో టోల్కీన్ సొసైటీ పెడితే కాదనలేదు. అప్పటికామె డెబ్బై దాటిన మనిషి. సభ్యులు తలా ఒక మారుపేరు పెట్టుకునే ఆ సంఘంలో ఆమె పేరు బెల్లడోనా టూక్, అంటే 'ద హాబిట్' కథానాయకుడు బిల్బో బాగిన్స్ తల్లి. టోల్కీన్ గౌరవాధ్యక్షుడిగా ఉండటానికి ఒప్పుకున్నాడు. 1973 సెప్టెంబరు 2న ఆయన పోయాక ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. కుమార్తె ప్రిసిల్లా సూచన మేరకు ఆయన్నే శాశ్వత అధ్యక్షుడిగా ఉంచేశారు.

పఠన దినానికి తేదీ కావాల్సి వచ్చేసరికి మిగతా ముఖ్యమైన తేదీలు ఖాళీగా లేవు. ఆయన పుట్టిన జనవరి 3న రాత్రి తొమ్మిదింటికి, ఎక్కడివాళ్లు అక్కడే, లేచి నిలబడి గ్లాసు ఎత్తి 'ద ప్రొఫెసర్' అని ఒక గుక్క తాగడం అప్పటికే ఆచారం. సెప్టెంబరు 22 బిల్బో, ఉంగరం మోసిన ఫ్రోడో ఇద్దరి పుట్టినరోజు. దాన్ని అమెరికన్ టోల్కీన్ సొసైటీ 1978లోనే 'హాబిట్ డే'గా ప్రకటించుకుంది. దాని మీద ఒక తకరారు కూడా ఉంది. హాబిట్ల క్యాలెండరుకీ మన క్యాలెండరుకీ సుమారు పది రోజుల తేడా ఉంది కనుక అసలు పండగ సెప్టెంబరు రెండో వారంలోనే రావాలని లెక్కలేసేవాళ్లున్నారు. అధిక మాసాల మీద, తిథిద్వయాల మీద వాదించుకునే జాతికి వాళ్ల బాధ బాగానే అర్థమవుతుంది.

మిగిలింది మార్చి 25. కథలో ఉంగరం అగ్నిపర్వతంలో పడి కరిగిపోయే రోజు, దాన్ని చేసిన దుష్టుడు సౌరాన్ కోట కూలే రోజు. ఆ తర్వాత గొండోర్ రాజ్యంలో కొత్త సంవత్సరం ఆ తేదీతోనే మొదలవుతుంది. రెండేళ్లకు ఫ్రోడో తోడుగా వెళ్లిన సామ్ గాంజీ పెద్ద కూతురు ఎలనోర్ పుట్టేదీ ఆ రోజే. టోల్కీన్ ఆ తేదీని ఊరికే వేసుకోలేదని పండితుడు టామ్ షిప్పీ వంటివాళ్లు ఎత్తి చూపారు. ఇంగ్లండ్‌లో చట్టప్రకారం సంవత్సరాది 1751 దాకా మార్చి 25నే. క్రైస్తవులకు అది మేరీ మాతకు గబ్రియేలు శుభవార్త చెప్పిన రోజు, క్రిస్మస్‌కు సరిగ్గా తొమ్మిది నెలల ముందు. క్రీస్తును శిలువ వేసింది కూడా ఆ తేదీనే అని మధ్యయుగాల నాటి నమ్మకం. ఉంగరాన్ని నాశనం చేయడానికి ఫ్రోడో బృందం రివెండెల్ నుంచి ప్రయాణం కట్టింది ఎప్పుడనుకున్నారు? డిసెంబరు 25. టోల్కీన్ నిష్ఠగల కాథలిక్కు, పాత ఇంగ్లీషు సాహిత్యం బోధించిన ఆచార్యుడు. ఇన్ని విషయాలు తెలిసిన మనిషి కాకతాళీయంగా ఈ తేదీలు వేశాడంటే నమ్మడం కష్టం. పైగా కథలో ఎక్కడా ఆ ఊసెత్తకుండా వదిలేశాడు. తెలిసినవాడు పట్టుకుంటాడు, తెలియనివాడు కథ చదువుకుంటాడు.

ఆ రోజు చేసేదల్లా చదవడమే. బళ్లలో, గ్రంథాలయాల్లో, కాఫీ హోటళ్లలో నలుగురు చేరి ఇష్టమైన ఘట్టాలు పైకి చదువుతారు. సొసైటీ ఏటా ఒక అంశాన్ని ఇస్తుంది. 2015లో స్నేహం, 2017లో పద్యాలు, పాటలు, 2023లో ప్రయాణాలు, సాహసాలు.

పైకి చదవడం ఆ పుస్తకాల పుట్టుకలోనే ఉంది. 'ద హాబిట్' ముందు ఆయన తన పిల్లలకు చలికాలపు సాయంత్రాల్లో వినిపించిన కథ. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అధ్యాయాలను రాస్తూ రాస్తూనే మాడలిన్ కాలేజీలో సి.ఎస్. లూయిస్ గదిలో, గురువారం రాత్రుళ్లు మిత్రబృందం ముందు చదివేవాడు. 1952 ఆగస్టులో మరీ విచిత్రం జరిగింది. మాల్వెర్న్‌లో జార్జ్ సేయర్ అనే మిత్రుడి ఇంట్లో దిగాడు. పుస్తకం పూర్తయి మూడేళ్లవుతున్నా ఇంకా అచ్చుకు నోచుకోలేదు, మనిషి దిగులుగా ఉన్నాడు. సరదా పడతాడని సేయర్ ఓ టేప్ రికార్డర్ తెచ్చి ముందు పెట్టాడు. టోల్కీన్ అలాంటి యంత్రాన్ని చూడటం అదే మొదలు. ఇందులో దయ్యం గానీ ఉంటే ముందు అది పారిపోవాలి కదా అని వేళాకోళంగా గోథిక్ భాషలో ప్రభువు ప్రార్థన చదివి, ఆ తర్వాతే తన కథ అందుకున్నాడు. 'ద హాబిట్'లో బిల్బో, గుహలో ఉండే గొల్లమ్ చీకట్లో పొడుపుకథలు విసురుకునే ఘట్టం ఆ టేపుల్లోదే. గొల్లమ్ గొంతు ఆయన నోట వినాలి. ఆయన పోయాక 1975లో అవి గ్రామఫోన్ రికార్డులుగా వచ్చాయి. పఠన దినానికి అంతకన్నా మంచి ముందుమాట దొరకదు.

ఇంత ఆలోచనగా తేదీ ఎంచిన అభిమానులకు పూర్తి భిన్నంగా నడిచినవాళ్లు డగ్లస్ ఆడమ్స్ పాఠకులు. ఆడమ్స్‌ది సైన్స్ ఫిక్షన్, హాస్యం. కానీ ఫాంటసీ అభిమానుల్లో ఆయన్ని చదవనివాళ్లు అరుదు. 2001 మే 11న కాలిఫోర్నియాలో గుండెపోటుతో, 49 ఏళ్లకే పోయాడు. రెండు వారాలకు, మే 25న, అందరం ఒక తువ్వాలు వెంటేసుకుని తిరుగుదామని అభిమానులు పిలుపిచ్చుకున్నారు. 'హిచ్‌హైకర్స్ గైడ్' ప్రకారం అంతరిక్ష బాటసారికి తువ్వాలును మించిన సాధనం లేదు. తేదీకి మాత్రం ఏ అర్థమూ లేదు, తేరుకుని కబురు పంపుకోవడానికి పట్టిన సమయం అంతే. ఆడమ్స్ ప్రసిద్ధ సంఖ్య 42 కనుక ఏడాదిలో 42వ రోజైన ఫిబ్రవరి 11కి మార్చాలన్న వాదన వచ్చింది గానీ నిలవలేదు. మన ఊళ్లలో భుజాన తువ్వాలుతో తిరిగితే ఎవరూ కన్నెత్తి చూడరు. లండన్ మెట్రోలో, ఆఫీసు లిఫ్టులో అది వెంటనే కనిపించే జెండా. 2015 మే 25న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టొఫొరెట్టి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తువ్వాలుతో ఆ పుస్తకంలోంచి కొంత చదివి భూమికి పంపింది. అంతరిక్ష బాటసారి కథకు అంతకు మించిన పాఠకురాలు ఎవరు?

అదే మే 25ని టెరీ ప్రాచెట్ అభిమానులు కూడా పంచుకుంటారు. 2002లో వచ్చిన ఆయన నవల 'నైట్ వాచ్'లో ఒక విఫల విప్లవం ఆ తేదీన జరుగుతుంది. అందులో పోరాడి బతికి బయటపడ్డవాళ్లు ఏటా ఆ రోజు కోటుకు లైలాక్ పూల రెమ్మ పెట్టుకుని, చనిపోయిన తోటివాళ్ల సమాధుల దగ్గరికి వెళతారు. ఆ ఆచారం పుస్తకంలోంచి బయటికి రావడానికి ఒక కారణం కావాల్సి వచ్చింది. 2007 డిసెంబరులో ప్రాచెట్ తనకు అల్జీమర్స్ వచ్చిందని స్వయంగా ప్రకటించాడు. 2008 మార్చిలో ఆ జబ్బు పరిశోధనకు పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. అభిమానులు అంత మొత్తాన్నీ తామూ కూడబెడతామని విరాళాల వేటలో పడ్డారు, ఆ మే 25న లైలాక్ పూలు ధరించి అదే పనికి చందాలడిగారు. 2015 మార్చి 12న ప్రాచెట్ కన్నుమూశాడు. పూలు మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటున్నారు.

వీటిలో ఏ రోజునూ ఏ ప్రభుత్వమో జీవో ఇచ్చి మొదలుపెట్టలేదు. ఒకచోట పత్రికా రచయిత అడిగాడు, ఒకచోట దుఃఖంలో ఉన్న పాఠకులు పిలుపిచ్చారు, ఇంకోచోట కథలోని ఆచారం జబ్బుపడ్డ రచయిత కోసం బయటికొచ్చింది. ఎందుకు నిలిచాయంటే, ఒక్కడున్నా చేయగలిగే చిన్న పని ప్రతిదాంట్లో ఉంది: ఒక పేజీ, ఒక తువ్వాలు, ఒక పూరెమ్మ. సభాధ్యక్షులు, శాలువాలు, స్వాగతోపన్యాసాలు ఉంటేనే జరిగే రోజు డబ్బున్నన్నాళ్లే జరుగుతుంది.

టోల్కీన్ పఠన దినానికి సభ్యత్వం అక్కర్లేదు, రుసుము లేదు. వచ్చే మార్చి 25న ఇంట్లో పిల్లలుంటే గొల్లమ్ పొడుపుకథల ఘట్టం మీకొచ్చిన తెలుగులో చెబుతూ, గొంతు మార్చి మరీ వినిపించండి.