బోరు నీళ్లకూ ఒక చరిత్ర ఉంది

మన సిద్దిపేట పల్లెల్లో నీళ్ల కథ అంటే ఆడవాళ్ల కథే. మొదట చేదబావి, తర్వాత బోరింగు, ఆ తర్వాత మోటరు బోరు, ఇప్పుడు నల్లా. నీళ్లు ఎంత దూరంలో ఉన్నా బిందె మోసింది మనమే. ఆ నీళ్లు మంచివేనా అని చూసే పని మాత్రం చాలా కాలం మన చేతిలో లేదు.

బావి నీళ్ల కాలంలో కలరా, నారిపురుగు భయం ఉండేది. కరువులో బావులు ఎండినా నీళ్లు దొరకాలని, ఆ రోగాలు తగ్గాలని ఊరూరా బోరింగులు వేశారు. మేలే జరిగింది. మన దేశంలో నారిపురుగు లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

కానీ బోరు నీళ్లు గ్రానైటు రాళ్ల పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచిన నీళ్లు. రాయిలోని ఫ్లోరైడు వాటిలో కలుస్తుంది. దానికి రంగు, రుచి, వాసన ఏదీ ఉండదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించారు. మన పక్కనున్న ఉమ్మడి నల్లగొండలో గారపండ్లు, వంకరపోయిన కాళ్లు, వంగిన నడుములు అందరికీ తెలిసినవే. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది. మన పక్క జిల్లా పేరు లోకానికి ఇట్ల తెలియడం బాధే.

క్రిముల సంగతి వేరు. 1982లో గ్వాలియర్ శాస్త్రవేత్తలు ఒక చిన్న సీసా పరీక్షను తెచ్చారు. సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసిందని అనుమానించాలి.

2016 ఆగస్టు 7న మన గజ్వేల్ మండలం కోమటిబండలో మిషన్ భగీరథను ప్రారంభించారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్టు వాడకం నేర్పాలని చెప్పింది. చూసే పని అట్ల మన చేతికి వచ్చింది.

నల్లా వచ్చిందని బోరును మరువలేం. పైపు పగిలిన రోజు, పొలం కాడ తాగేది ఆ నీళ్లే. లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకుంటే 1.5 వరకు. పేడదిబ్బ, యూరియా, మరుగుదొడ్డి గుంతల నుంచి దిగే నైట్రేటు 45 దాటొద్దు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అందుకే క్రిముల పరీక్ష ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా చేద్దాం. రసాయనాల పరీక్ష ఒకసారి చేద్దాం. కిట్టులో తేడా కనిపిస్తే ల్యాబుకు పంపుదాం. పొదుపు, అప్పుల లెక్క రాసినట్టే గ్రామ సంఘం పుస్తకంలో ఏ బోరు నీళ్లు ఎట్లున్నాయో తేదీతో రాసి పెడదాం. రేపు ఈ ఊరికి వచ్చే కోడలు ఆ పుస్తకం చూసి బిందె ముంచాలి.