గంజి కేంద్రం నుంచి బడి భోజనం దాకా

సుగ్గి కాలం వచ్చిందంటే మంత్రాలయం, కోసిగి, పెద్దకడుబూరు ఊళ్లలో వరసగా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి మూటాముల్లె కట్టుకొని బండ్లెక్కుతాం. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపెట్టేవాళ్లు కొందరు, వెంట పిలుచుకొని పోయేవాళ్లు కొందరు. ఈసారి నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు ఈ పిల్లల సంగతి కూడా రాద్దామనుకున్నాం. దానికి ముందు, మన సీమలో ఆకలి పడ్డప్పుడు ఎవరు ఎవరిని ఆదుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

1866లో కరువొచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గింజలు తీసి గంజి కాయించి వచ్చినవాళ్లందరికీ పోయించాడు. విక్టోరియా రాణి పేరు మీద ఆయనకు బంగారు పతకం ఇచ్చారు. పతకం సంగతి తెలియనివాళ్లు కూడా ఆయన మీద కట్టిన పాట పాడుకున్నారు. ఒక మనిషి, ఒక ఊరు, తన గాదె. సాయం అక్కడే మొదలైంది.

పదేళ్లకు అంతకన్నా పెద్ద కరువు వచ్చిపడింది. 1876లో వానలు తప్పాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి పెద్దవాళ్లు ధాత కరువు అన్నారు. అప్పట్లో మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి, కర్నూలు జిల్లాలకు తగిలిన దెబ్బ చాలా పెద్దది. 1871లో కర్నూలు జిల్లాలో 9 లక్షలకు పైగా జనం ఉంటే, 1881 లెక్కలకు సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చిపోయినవాళ్లు ఎందరో, ఊరొదిలి పోయినవాళ్లు ఎందరో.

సర్కారు అప్పుడు ఏమీ చేయలేదని కాదు. రోడ్లు, కాలువల పనులు పెట్టి కూలి ఇచ్చింది. అయితే 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి ఖర్చు తగ్గించమన్నాడు. రోజంతా మన్ను మోసిన మగమనిషికి ఒక పౌను గింజలకు, అంటే అర కిలోకు కూడా తక్కువకు, పైన ఒక అణాకు కూలి కట్టారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పైగా పని కావాలంటే ఇల్లు వదిలి పది మైళ్లు నడిచిపోయి అక్కడే ఉండాలన్నారు. ఈ తిండితో మనిషి నిలవడని డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంచెం పెంచారు.

ఇక్కడే మనం ఒక సంగతి గమనించాలి. పది మైళ్లు నడవగలిగినవాళ్లకే ఆ సాయం. బాలింత ఎట్లా నడుస్తుంది? తల్లీతండ్రీ పోయిన పసిబిడ్డ ఎట్లా పోతుంది? గడప దాటే అలవాటు లేని ఆడమనిషి ఎవర్ని అడుగుతుంది? 1877 ఆగస్టులో మద్రాసులో జనం సభ పెట్టి ఇంగ్లండుకు కబురు పంపారు. అక్కడ లండన్లో చందాలు పోగుచేసి పంపితే, ఇక్కడ ఊళ్ల కమిటీలు పంచాయి. సర్కారు సాయం అందనివాళ్లకు, అనాథ పిల్లలకు, ఇల్లు కదలలేని ఆడవాళ్లకు, కట్టుకోను బట్ట లేనివాళ్లకు ఆ డబ్బు పోయింది. డబ్బు దూరాన్నుంచి వచ్చినా, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలిసింది దగ్గరివాళ్లకే.

1952లో మళ్లీ రాయలసీమ అంతా ఎండింది. గంజి కేంద్రాలు తెరిచారు, బావులు లోతు చేయడానికి సైన్యం వచ్చింది, నెహ్రూ కూడా వచ్చి చూసిపోయాడు. గంజి కోసం గిన్నె పట్టుకొని వరసలో నిలబడ్డ పిల్లలే తర్వాత మన జేజమ్మలు, తాతలు అయ్యారు.

కరువొస్తే గంజి పోయడం వేరు, ఏటా ప్రతి పిల్లోడికీ బువ్వ పెట్టడం వేరు. మన రాష్ట్రంలో బడిలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. ఎన్నో ఊళ్లలో ఆ పొయ్యి దగ్గర నిలబడింది మన పొదుపు గ్రూపుల అక్కచెల్లెళ్లే. 2024లో ఆ భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి జిల్లా లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆడమనిషి ఆమె (1841–1909). ఆమె పేరున్న పథకంలో గరిటె మన చేతిలో ఉంది.

అయితే ఆ గరిటె బడికొచ్చిన పిల్లోడికే అందుతుంది. సుగ్గికి పోయిన పిల్లోడు మిరప చేను గట్టున తమ్ముణ్ణి ఎత్తుకొని కూర్చుంటాడు. బడి రిజిస్టర్లో పేరుంటుంది, పళ్లెం దగ్గర పిల్లోడుండడు. నాడు పది మైళ్లు నడవలేని బిడ్డ తప్పిపోయింది. నేడు అమ్మానాన్నల వెంట వందల మైళ్లు పోయిన బిడ్డ తప్పిపోతోంది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర మంత్రాలయంలోకి వచ్చింది గుర్తుందా? అటువంటప్పుడు బయటి నుంచి లారీల్లో వచ్చినవాళ్లకు ఏ వీధిలో బాలింత ఉందో, ఏ ఇంట్లో కాళ్లురాని అవ్వ ఉందో ఎట్లా తెలుస్తుంది? అది చెప్పగలిగేది పక్కింటి మనిషే. ఆ తెలివిడి మన గ్రూపులకు ఉంది. దానికి బ్యాంకు లోను అక్కరలేదు.

కాబట్టి ఈసారి సుగ్గికి ముందు ప్రతి గ్రూపూ మీటింగులో ఒక పని చేయాలని కోరుతున్నాం. పొదుపు పుస్తకం చివరి పేజీలో ఎవరెవరు పోతున్నారు, వాళ్ల పిల్లలు ఎందరు, ఎవరి దగ్గర ఉంటారు అని రాయండి. వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ గురించి ముందుగానే బడి సారును అడగండి. హాస్టల్లో ఉండనని ఏడ్చే చిన్నపిల్ల ఉంటే, ఆ మూడు నాలుగు నెలలు రాత్రి బువ్వ ఎవరింట్లోనో తేల్చండి. అవ్వకు జ్వరమొస్తే ఎవరు చూడాలో కూడా రాసుకోండి. పోయే తల్లిని తప్పు పట్టొద్దు. ఇక్కడ పని లేకనే ఆమె పోతోంది.

వెంగళరెడ్డికి గాదె ఉండేది. మనకు గాదెల్లేవు. రోజుకు రూపాయి దాచుకుంటూ ఇంత దూరం వచ్చినవాళ్లం. ఇంటికో పిడికెడు బియ్యం తీస్తే ఒక బిడ్డకు రాత్రి బువ్వ అవుతుంది. వచ్చే ఏడు నివేదికలో ఆ చివరి పేజీల లెక్క కూడా అచ్చు వేద్దాం.