స్టాన్ స్వామి గారి సభకు పెద్దగా ఉన్న పెడ్రో అరుపే

ఫాదర్ స్టాన్ స్వామి పేరు మనలో తెలియనివాళ్లు లేరు. జార్ఖండ్‌లో ఆదివాసీల భూమి, అడవి కోసం నిలబడి, 84 ఏళ్ల వయసులో విచారణ ఖైదీగానే 2021 జూలై 5న ముంబైలో చనిపోయారు. ఆయన జెస్యూట్, అంటే యేసు సభ ఫాదర్. పెద్దింటి పిల్లలకు కాలేజీలు నడుపుతారని పేరున్న సభలో ఇట్లాంటి మనిషికి జాగా ఎట్లా దొరికింది? అది తెలియాలంటే అరుపే గురించి చదవాలి. (మిషన్ల మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇంకోరోజు పెట్టుకుందాం.)

అరుపే 1907లో స్పెయిన్‌లోని బిల్బావోలో పుట్టారు. బాస్క్ మనిషి. మనలాగే వాళ్లకూ సొంత భాష ఉంది. మెడిసిన్ మధ్యలో వదిలేసి 1927లో సభలో చేరారు, 1938లో జపాన్ వెళ్లారు. అక్కడ గూఢచారి అనే అనుమానంతో నెల రోజులు జైల్లో పెట్టారు.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆయన ఊరి శివారు నాగత్సుకాలో కొత్తగా చేరినవాళ్లకు గురువు. ఇంటి అద్దాలు పగిలిపోయాయి. కాసేపటికి కాలిన ఒళ్లతో జనం కొండవైపు రావడం మొదలైంది. అదేం బాంబో ఎవరికీ తెలియదు. మందుల్లేవు. సగంలో ఆపేసిన డాక్టర్ చదువే అప్పుడు అక్కరకొచ్చింది. దొరికిన బోరిక్ యాసిడ్‌తో, చింపిన బట్టలతో కట్లు కట్టి, సుమారు 150 మందిని ఆ ఇంట్లోనే పెట్టుకుని చూశారు.

1965లో ఆయన్ని సభకు సుపీరియర్ జనరల్‌గా ఎన్నుకున్నారు. మాకు బాగా తగిలింది 1973 వాలెన్సియా ప్రసంగం. ఎదురుగా కూర్చున్నది వాళ్ల స్కూళ్లలోనే చదువుకున్న పూర్వ విద్యార్థులు. మీకు న్యాయం కోసం బతకడం నేర్పామా అని తానే అడిగి, లేదు, నేర్పలేదు అని తానే ఒప్పుకున్నారు. కొందరికి కోపమొచ్చింది. 1975లో సభ మహాసమావేశం, విశ్వాసాన్నీ న్యాయాన్నీ విడదీయలేమని తీర్మానించింది.

ఊరికే పోలేదు ఆ మాట. 1977లో ఎల్ సాల్వడార్‌లో రైతుల పక్షాన ఉన్న ఫాదర్ రుతిలియో గ్రాండేని కాల్చి చంపారు. దేశం వదలకపోతే అందర్నీ చంపుతామని మిగతా జెస్యూట్లను బెదిరించారు. అరుపే వాళ్లను వెనక్కి పిలవలేదు, వాళ్లూ కదల్లేదు. ఇంకోపక్క సభలో ఉన్న 36 వేల మందిలో ఆయన హయాంలో సుమారు పది వేలు తగ్గారు. దానికీ ఆయన్నే తప్పుపట్టారు, అన్నీ ఆయన ఖాతాలో వేయడం మాకు సరిగా అనిపించదు.

1980లో, పడవల్లో పారిపోతున్న వియత్నాం జనాన్ని చూసి శరణార్థుల కోసం ఒక సేవా సంస్థ పెట్టారు. మరుసటి ఏడు ఆగస్టులో ఆసియా నుంచి తిరిగొస్తూ రోమ్ ఎయిర్‌పోర్టులో పక్షవాతంతో పడిపోయారు. అరుపే తన బదులు పెట్టుకున్న మనిషిని పక్కనపెట్టి, పోప్ తన ప్రతినిధిని నియమించారు. 1983లో రాజీనామా చేసినరోజు మాట సరిగా రాక, ఆయన సందేశాన్ని వేరేవాళ్లు చదివి వినిపించారు. 1991 ఫిబ్రవరి 5న రోమ్‌లోనే చనిపోయారు.