దిబ్బకూ ఒక చరిత్ర ఉంది



పొద్దున్నే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టేసరికి మన పని అయిపోయిందనుకుంటాం. చేటలోకి ఎత్తిన కసువు ఆ తర్వాత ఎక్కడికి పోతుందో ఆలోచించం. ఇవాళ ఆ దారి వెంట కొంచెం వెనక్కి నడిచి చూద్దాం.

మా అవ్వ కాలంలో ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ ఒక దిబ్బ ఉండేది. పేడ, బూడిద, కసువు, పశువులు వదిలేసిన చొప్ప అన్నీ అక్కడికే చేరేవి. ఎండాకాలంలో బండ్లకెత్తి నల్లరేగడి చేలకు తోలేవారు. పత్తికట్టె పొయ్యిలోకి పోయేది, పత్తిగింజల చెక్క ఎద్దులకు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో, మగ్గమే అన్నం పెట్టే ఇళ్ళలో, గుడ్డపీలికను పారేయడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి? ఒక ఇంట్లో మిగిలినదానికి ఇంకో చోట పని ఉండేదన్నమాట.

పట్నం సంగతి వేరు. ఆదోని మునిసిపాలిటీ 1865లోనే ఏర్పడింది. అప్పుడు మనది బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చాక కర్నూలులో కలిశాం. ఇళ్ళు కిక్కిరిసిన చోట ఎవరి దిబ్బ వారికి ఎక్కడుంటుంది? చెత్త ఎత్తడం ఊరుమ్మడి పనయింది. ఆ బరువు మోసింది మాత్రం తరతరాలుగా కొన్ని కులాలవాళ్ళే. చీపురు పట్టిన ఆ చేతుల్లో మన తోటి ఆడవాళ్ళవీ ఎన్నో.

అయినా పట్నం చెత్తకు చేను దూరం కాలేదు. మనలాగే పత్తి పండే ఇండోరులో 1924లో పెట్టిన పరిశోధనాలయంలో ఆల్బర్ట్ హోవర్డ్ అనే దొర, ఎండిన పత్తికట్టెను బండిచక్రాల కింద నలగ్గొట్టి, పేడతో కలిపి ఎరువు చేయించాడు. 1931లో ఆ పద్ధతిని పుస్తకంగా వేశాడు. 1939లో బెంగుళూరులో ఆచార్యగారు పట్నాలకు పనికొచ్చే ఇంకో పద్ధతి చూపించారు. గుంతలు తవ్వి, చెత్త ఒక వరుస, మలం ఒక వరుస వేసి, పైన మట్టి కప్పడం. యుద్ధకాలంలో తిండిగింజలకు కరువొచ్చినప్పుడు దేశంలో ఎన్నో పట్నాలు ఆ పని చేశాయి. అలా తయారైన ఎరువును రైతులు కొనుక్కుపోయేవారు.

వాళ్ళు కొన్నారంటే కారణం ఒక్కటే. ఆ చెత్తలో కుళ్ళనిది తక్కువ.

ఇప్పుడో? ఆమధ్య మా చిన్నాయన పట్నం ఎరువు ఒక ట్రాక్టరు తోలించుకున్నాడు. చేలో చల్లితే కవర్ల ముక్కలు, గాజుపెంకులు, షాంపూ పొట్లాలు తేలాయి. "ఏమ్మా, ఎద్దు కాలికి పెంకు గుచ్చుకుంటే నీవొచ్చి దున్నుతావా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ కవరు నా వంటింటిది కాదని ఎట్లా చెప్పను?

తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుగా ఉంచాలని 2016 నియమాలు చెప్పాయి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్నింటిని నిషేధించారు. మంచిదే. కానీ అన్నం మెతుకులూ పాల కవరూ కలిసిపోయేది మన వంటింట్లోనే. ఒకసారి కలిశాక విడదీయాల్సింది ఇంకొక ఆడమనిషి. బ్లేడు తెగేది ఆమె వేలికే.

అందుకని రెండు డబ్బాలు పెట్టుకుందాం. తొక్కలు, మెతుకులు, వాడిన పూలు ఒకదాంట్లో. అడుగున చిల్లులున్న పాత కుండలో వాటిని వేస్తూ, ఎండుటాకులో మట్టో కప్పుతూ ఉంటే కొన్ని నెలల్లో తులసి కోటకు సరిపోయేంత ఎరువు వస్తుంది. పగిలిన గాజు, బ్లేడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇద్దాం. సంతకు పోయేటప్పుడు చేతిసంచి, నూనెకు డబ్బా పట్టుకుపోదాం. ఇంటికి రానిదాన్ని పారేసే పనే ఉండదు కదా.

మా అవ్వకు నియమాలు తెలియవు. తన దిబ్బలో ఏముందో మాత్రం బాగా తెలుసు. మన చెత్తబుట్టలో ఏముందో మనమూ తెలుసుకుంటే, చిన్నాయనలాంటి రైతు మళ్ళీ బండి కట్టుకొని పట్నానికి వస్తాడు.