మూడు నొక్కుల తారీఖు

తెలుగులో తారీఖు అంటే కేలండర్లో ఉండే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. ఈ కిస్సాకి రెండు మానేలూ కావాలి. కంప్యూటర్ గోల్ఫ్ ఆటల్లో కర్ర ఎలా ఊపాలి అనే సవాల్‌కి నలభై ఏళ్లకు పైగా ఇచ్చిన జవాబుల కిస్సా ఇది.

గోల్ఫ్ మన గల్లీల ఆట కాదు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిలా గోడల లోపల ఒక గోల్ఫ్ మైదానం ఉంది. అసలు కర్ర నేను ఒక్కసారి కూడా పట్టలేదు. బటన్‌తో, మౌస్‌తో, ఫోన్ మీద వేలితో మాత్రం ఎన్ని బంతులు కొట్టానో హిసాబ్ లేదు. నాలాంటి వాళ్లు దునియా మొత్తం మీద లక్షల్లో ఉంటారు. మాకు దొరికిన గోల్ఫ్ అదొక్కటే. కాబట్టి అది అసలీనా, నక్లీనా అన్న బహస్ మాకు ఊసుపోక చేసే బహస్ కాదు.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఫుట్‌బాల్ ఆటలో బటన్ నొక్కితే మనిషి పరుగెత్తుతాడు, ఇంకో బటన్ నొక్కితే తంతాడు. అంతటితో పని సరి. గోల్ఫ్‌లో ఆట మొత్తం ఒక్క ఊపులోనే ఉంది. బంతి కదలదు, ఎదురుగా అడ్డొచ్చేవాడు లేడు. కర్ర వెనక్కి తీయాలి, ముందుకు తేవాలి. మంచి ఆటగాళ్ల ఊపులో వెనక్కి వెళ్లే వక్త్, దిగొచ్చే వక్త్‌కి సుమారు మూడింతలు ఉంటుందంటారు. దిగొచ్చేది రెప్పపాటే. అందులో కర్ర ముఖం కొంచెం తిరిగినా బంతి కుడికో ఎడమకో వంగిపోతుంది. ఈ నజాకత్‌ని యంత్రానికి ఎలా చెప్పాలి?

తొలి రోజుల్లో చేతితో పనే లేదు. 1978లో డేవిడ్ ఆల్ అచ్చు వేసిన బేసిక్ కంప్యూటర్ ఆటల పుస్తకంలో గోల్ఫ్ కూడా ఉంది. బొమ్మల్లేవు, అక్షరాలే. నీ కమ్జోరీ ఏది, బంతి వంగడమా, దూరం పోకపోవడమా, ఇసుక గుంటలా అని మొదటే అడుగుతుంది. తర్వాత కర్ర నంబరు అడుగుతుంది. కొన్ని కర్రలకైతే పూర్తి ఊపులో ఎంత శాతం అని కూడా అడుగుతుంది. అంకె కొడితే బంతి ఎక్కడ పడిందో రాసి చూపిస్తుంది. దిమాగ్‌కి పని ఉంది, హునర్‌కి లేదు. 1980లో అటారీ 2600 మీద వచ్చిన గోల్ఫ్‌లో బటన్ ఎంతసేపు పట్టుకుంటే కర్ర అంత వెనక్కి పోయేది. చెయ్యి రంగంలోకి దిగింది గానీ, దెబ్బ సూటిగా తగిలిందా లేదా అన్నది ఇంకా దాని చేతికి రాలేదు.

అసలు మలుపు 1984 మేలో జపాన్‌లో వచ్చింది. ఆట పేరు సాదాగా ‘గోల్ఫ్’. నింటెండో ఫామికామ్ మీద వచ్చింది. దాని ప్రోగ్రాం రాసినవాడు హెచ్ఏఎల్ లాబరేటరీలో పనిచేస్తున్న సతోరు ఇవాతా. 18 హోల్స్‌ని ఆ చిన్న కార్ట్రిడ్జ్‌లో ఇమడ్చడం కుదరదని మిగతావాళ్లు చేతులెత్తేస్తే తాను ఒప్పుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. డేటాని కుదించే తరీఖా కూడా సొంతంగా రాసుకున్నారు.

అందులో ఊపు ఇలా ఉంటుంది. తెర కింద ఒక పట్టీ. మొదటి నొక్కుకి ఒక గుర్తు పట్టీ మీద పరుగు మొదలెడుతుంది. రెండో నొక్కు ఎక్కడ పడితే అంత జోరు. అక్కణ్ణించి గుర్తు వెనక్కి వస్తుంది. అది గీత మీదికి రాగానే మూడో నొక్కు. సరిగ్గా పడితే బంతి సీదా. ముందో వెనకో పడితే వంకర. అంతే. ఆ యంత్రం సెకనుకు దాదాపు 60 బొమ్మలు చూపిస్తుంది కాబట్టి, వేలు ఒక్క బొమ్మ ఆలస్యమైనా ఫరఖ్ తెలిసిపోతుంది.

కర్ర వెనక్కి పోవడం, పైన మలుపు, బంతిని తాకే లమ్‌హా. అసలు ఊపులో ఉన్న మూడు ఘట్టాలూ మూడు నొక్కుల్లోకి వచ్చేశాయి. భుజం లేదు, నడుం లేదు, మణికట్టు లేదు. మిగిలింది లయ, సబర్, గుండె దడ. ఆఖరి హోల్ దగ్గర చిన్న పుట్ కొట్టేటప్పుడు ఆ గుర్తు గీత వైపు వస్తుంటే బొటనవేలు వణుకుతుంది. ఆ వణుకు నక్లీ అని ఎవరంటారు?

నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్లలో పనికి కుదిరినవాణ్ణి. తర్జుమా నా రోజువారీ రోటీ. లఫ్జ్‌కి లఫ్జ్ పెట్టి చేసిన తర్జుమా చాలాసార్లు చచ్చి పుడుతుంది. మాటలు మారినా దమ్ నిలబడ్డ తర్జుమా బతుకుతుంది. నా నజర్లో ఇవాతా చేసింది అలాంటి తర్జుమా. ఒళ్లంతా కదిలే భాషని ఒక్క వేలి భాషలోకి మార్చాడు.

అమెరికాలో కూడా ఇదే ఖయాల్ వేరే రూపంలో వచ్చింది. 1986లో సాల్ట్ లేక్ సిటీలోని యాక్సెస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కమడోర్ 64 మీద ‘లీడర్ బోర్డ్’ తెచ్చారు. రాసినవాళ్లు బ్రూస్ కార్వర్, రోజర్ కార్వర్. ఇక్కడ బటన్ పట్టుకుని జోరు పెంచాలి, వదలాలి, మళ్లీ నొక్కి ‘స్నాప్’ కొట్టాలి. కొత్తవాళ్లకి స్నాప్ బెడద లేదు, బంతి సీదా పోతుంది. మధ్య స్థాయిలో స్నాప్ వస్తుంది. పైస్థాయిలో గాలి కూడా లెక్కకొస్తుంది. షాగిర్ద్‌ని మెట్టు మెట్టుగా ఎక్కించే ఉస్తాద్ పద్ధతి. అదే సంస్థ 1990లో ‘లింక్స్’ తెచ్చింది. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ‘పీజీఏ టూర్ గోల్ఫ్’ వచ్చింది. పీసీ ముందు కూర్చున్న ఒక తరం మొత్తానికి గోల్ఫ్ అంటే క్లిక్, క్లిక్, క్లిక్ అయిపోయింది.

దీనికి బగావత్ రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి అమెరికా బార్ల నుంచి. 1989లో ఇన్‌క్రెడిబుల్ టెక్నాలజీస్ ‘గోల్డెన్ టీ’ యంత్రంలో బటన్‌కి బదులు బల్లలో దిగేసిన బంతి పెట్టింది. వెనక్కి దొర్లించి, ముందుకు బలంగా తోయాలి. అరచేయి మొత్తం ఆటలోకి వచ్చింది. రెండోది మౌస్. ‘లింక్స్’ని తయారుచేసినవాళ్లలో ఒకడైన వాన్స్ కుక్ బయటికొచ్చి, 1997లో సియర్రా సంస్థ విడుదల చేసిన ‘ఫ్రంట్ పేజ్ స్పోర్ట్స్ గోల్ఫ్’కి ‘ట్రూస్వింగ్’ తయారుచేశాడు. మౌస్‌ని వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. చెయ్యి వంకర పోతే బంతీ వంకరే. క్లిక్కుల పద్ధతిని ఇల్లంతా నింపిన బృందంలోని మనిషే ఇది చాలదన్నాడు. తర్వాత ప్లేస్టేషన్ 2 కాలంలో టైగర్ వుడ్స్ పేరుతో వచ్చిన ఆటలు ఇదే పనిని బొటనవేలి కింద ఉండే చిన్న స్టిక్‌కి అప్పగించాయి. వెనక్కి లాగు, ముందుకు తోయి. పట్టీ అక్కర్లేదు.

ఇక ఇవాతా దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన 2002లో నింటెండో అధ్యక్షుడయ్యారు. 2006 నవంబరులో ఆయన హయాంలో ‘వీ’ వచ్చింది. రిమోట్‌ని కర్రలా పట్టుకుని, సోఫా ముందు నిలబడి ఊపడమే. మూడు నొక్కుల్ని అంత గట్టిగా నిలబెట్టిన మనిషి నీడలోనే నొక్కులు లేని ఊపు పుట్టింది. ‘వీ స్పోర్ట్స్’ గోల్ఫ్‌లోని తొమ్మిది హోల్స్ ఆ 1984 ఆట నుంచి తీసి మళ్లీ కట్టినవే.

దాదీలు, నానాలు కూడా ఆడారు, మజా వచ్చింది. కానీ ఒక విషయం గమనించండి. ఆ ఆటలో కూడా తెర మీద జోరు చూపే పట్టీ ఉంది. ఎక్కువ ఊపితే బంతి వంకర తిరుగుతుంది. మొదటి రిమోట్‌లో ఉన్న సెన్సర్ కుదుపుని పట్టేది, మణికట్టు ఎటు తిరిగిందో పూర్తిగా పట్టలేకపోయేది. అందుకే 2009లో గైరోస్కోప్ ఉన్న ‘మోషన్‌ప్లస్’ని విడిగా తగిలించాల్సి వచ్చింది. లఫ్జ్‌కి లఫ్జ్ తర్జుమాలో వచ్చే ముష్కిల్ ఇదే. అసలుకి దగ్గరైనకొద్దీ మిగిలిన చిన్న తేడా కూడా కంట్లో నలుసులా పొడుస్తుంది. బటన్ దగ్గర ఆ షికాయత్ రాదు. అది నేను కర్రని అని ఎప్పుడూ దావా చేయలేదు.

2014లో కెనడాకి చెందిన హెచ్‌బీ స్టూడియోస్ ‘ద గోల్ఫ్ క్లబ్’ తెచ్చింది. అందులో ఊపుకి పట్టీ లేదు, అంతా స్టిక్ మీదే, అంతా అందాజా మీదే. ఆ బృందమే తర్వాత ‘పీజీఏ టూర్ 2కే’ వరస చేసింది. ఆ వరసలో 2022లో వచ్చిన ‘2కే23’లో మూడు క్లిక్కుల పద్ధతిని వాపస్ తెచ్చారు. స్టిక్ కూడా ఉంది, క్లిక్కులూ ఉన్నాయి, ఎవరి మర్జీ వాళ్లది. ఫోన్లలోనూ అంతే. 2017లో వచ్చిన ‘గోల్ఫ్ క్లాష్’లో వేలితో బంతిని వెనక్కి లాగాలి, అటూ ఇటూ ఊగే ముల్లు నడిమికి వచ్చినప్పుడు వదలాలి. వేషం మారిన పాత పట్టీయే. దాన్ని తయారుచేసిన ప్లేడెమిక్‌ని 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 140 కోట్ల డాలర్లకి కొన్నది.

పాతది తిరిగి రావడానికి జ్ఞాపకాల మోజు ఒక్కటే వజా అనుకోను. స్టిక్‌ని సూటిగా తోయాలంటే రెండు బొటనవేళ్లూ హుషారుగా ఉండాలి. రిమోట్ ఊపాలంటే భుజం బాగుండాలి, నిలబడగలగాలి. నొక్కడానికి కదలగలిగే ఒక్క వేలు చాలు. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాడు, కీళ్లు పట్టేసిన పెద్దమనిషి, పాత కంప్యూటర్ కీబోర్డు తప్ప ఇంకేమీ లేని పిల్లాడు, ఈ ముగ్గురూ స్పేస్ బార్ దగ్గర బరాబర్. నయా ఖిలా మైదానం ఇవ్వలేని ఇన్సాఫ్ ఇది. ఎవడైనా ఆటని ‘మరింత అసలీ’ చేస్తున్నానంటే, ఆ అసలీతో బయట పడేవాళ్లెవరని నేను అడుగుతాను.

ఇక రెండో మానే, అంటే తేదీ. సతోరు ఇవాతా 2015 జూలై 11న చనిపోయారు. రెండేళ్ల తర్వాత, 2017లో ‘స్విచ్’ యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్‌ని తవ్వి చూసినవాళ్లకి అందులో దాచిపెట్టిన ఒక ఆట దొరికింది. 1984 నాటి ‘గోల్ఫ్’. అది తెరుచుకోవాలంటే యంత్రంలోని తారీఖు జూలై 11 కావాలి. రెండు చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని, ఇవాతా తన వీడియోల్లో చేసే చేతి సైగ చేయాలి. నిశానీగా అలా పెట్టారు. తర్వాత ఒక అప్‌డేట్‌లో దాన్ని తీసేశారు.

ఆ దాచిన ఆటలో కంట్రోలర్‌ని ఊపి కూడా బంతి కొట్టొచ్చు. పాత మూడు నొక్కులూ ఉన్నాయి, కొత్త ఊపూ ఉంది. ఒకటి రెండోదాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు. రెండు జబాన్లతో బతికే నాలాంటివాడికి ఈ బందోబస్తు బాగా నచ్చింది.