కుందేరు లోయ కాలువ, తెరమీది నాగరికత

1991లో వెలువడిన సిడ్ మైయర్ 'సివిలైజేషన్' అనే కంప్యూటర్ ఆటలో, అంటే ఒక జాతిని తొలి పల్లె నుంచి ఆధునిక యుగం దాకా వంతులవారీగా నడిపించే వ్యూహక్రీడలో, కొత్తవారు యుద్ధాలకన్నా ముందు నేలనూ నీటినీ చదవడం నేర్చుకోవాలి; అందుకు నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందేరు పారే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు చరిత్రను మించిన ఉదాహరణ అరుదు.

తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన కర్నూలు–కడప కాలువను (కేసీ కెనాల్) పంటలకూ పడవలకూ కలిపి తలపెట్టారు. అయితే తేమను చాలాకాలం పట్టి ఉంచే నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతున్నందున, మామూలు ఏళ్లలో రైతులు నీటితీరువా, అంటే కాలువ నీటికి చెల్లించే పన్ను, కట్టడానికి ముందుకు రాలేదు. 1876–78 నాటి ధాతు కరువులో నీటి విలువ తెలిసివచ్చినా కంపెనీ నిలదొక్కుకోలేకపోవడంతో, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. నేల స్వభావం, జనం అవసరం చూడకుండా ఖజానానంతా ఒకే భారీ నిర్మాణానికి ధారపోసే కొత్త ఆటగాడి పొరపాటూ సరిగ్గా ఇలాంటిదే. ప్రజల సాగు అలవాట్లు మారాక మాత్రం ఆ కేసీ కెనాల్ కిందే వరి విస్తరించింది.